గోడకి రాసిన నాలుగో నియమం

తైనాన్ నగరంలో ఒక మూడో అంతస్తు వంటగది. జూన్ నెల, శుక్రవారం సాయంత్రం, అయిదు కావస్తోంది. అమ్మమ్మ ట్సాయ్, మనవరాలు చింగ్‌వెన్, గోడకి బిగించిన స్పీకరు.

"ప్లగ్గు ఎవరు పీకారమ్మమ్మా?"

"ఏ ప్లగ్గు?"

"గోడ మీది స్పీకరుది. రెండు గంటల నుంచి నోరు మెదపడం లేదు."

"దుమ్ము దులుపుతుంటే ఊడొచ్చిందేమో."

"ఊడొచ్చింది, సరే. ఊడొచ్చిన తీగ బియ్యం డబ్బాలోకి నడుచుకుంటూ వెళ్ళిందా?"

"బియ్యం డబ్బాలో నీకేం పని? వచ్చి తొమ్మిది రోజులైంది, ఒక్కపూట అన్నం వండిన పాపాన పోలేదు. ఇవాళే గుర్తొచ్చాయా బియ్యం?"

"మాట మార్చకు."

"మార్చలేదు. బియ్యం గురించే మాట్లాడుతున్నా."

"అమ్మమ్మా, ఆరింటికి నేను ఈ పత్రం పంపాలి. ఇవాళ ఆరింటికి. ఇది మూడోది. మొదటి పత్రం చదివి అది మా పైఅధికారి ఫాంగ్ గారింట్లో చెంచా కింద పడ్డా చెప్పింది. రెండోది చదివి మూడు రోజులు మూగపోయింది. నీళ్ళ ట్యాంకు పొంగి కింద ఫ్లాటువాళ్ళ పరుపులు తడిసిపోయాయి. ఇదీ పోతే ఫాంగ్ గారు నా కుర్చీ ఇంకొకరికి ఇస్తారు. ముఖం మీదే చెప్పారు."

"పంపు. నేనేమైనా చెయ్యి పట్టుకున్నానా?"

"పంపాలంటే, పరీక్ష జరిగిన ఇంట్లో పెద్దవాళ్ళు 'ఇది మా ఇంట్లో ఉండొచ్చు' అని నోటితో అనాలి. గోడ విని రాసుకుంటుంది. ఆ పెద్దవాళ్ళు నువ్వు. తీగ పీకి బియ్యంలో పాతిపెట్టిన పెద్దవాళ్ళు."

"నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరికరం మీ కంపెనీవాళ్ళది. మాట్లాడేది అది. మధ్యలో నువ్వు రాసేదేమిటే?"

"వందసార్లు చెప్పాను."

"నూట ఒకటోసారి చెప్పు."

"ఇంటి పనులు చూసే ఏఐ ఒకటి ఉందా. దానికి మనతో కబురు చెప్పడానికి ఈ స్పీకరు ఇచ్చారు. ఏది చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, అదంతా ఒక వాడుక పత్రంలో ఉండాలి. అది ఆ పత్రం చదువుకుని దాని ప్రకారం నడుచుకుంటుంది. ఇక్కడ నేను ఒక ముక్క మారిస్తే అక్కడ దాని నడత మారిపోతుంది."

"కొత్త కోడలికి అత్తగారు చెప్పినట్టు."

"అలాగే అనుకో."

"కోడలికైతే ఒకసారి చెబితే చాలు. మిగతాది తనే గ్రహించుకుంటుంది."

"ఇది గ్రహించుకోదు. రాసిందే చేస్తుంది. ఉండు, ప్లగ్గు పెడుతున్నా. రెండు బియ్యపు గింజలు ఇరుక్కున్నాయి చూడు ఇందులో."

"మనవి. తిరిగి వచ్చాను. నేను లేని రెండు గంటల పదకొండు నిమిషాల్లో జరిగినవి పదిహేడు. ఒకటి. ఫ్రిజ్ తలుపు మూడుసార్లు తెరిచారు. రెండు. పై అరలో అనాస కేకులు అయిదు ఉండాలి, మూడు ఉన్నాయి."

"చూశావా. ఇందుకే పీకాను."

"అంటే నువ్వే పీకావు."

"దుమ్ము దులుపుతూ పీకాను."

"డాక్టరు నీకు తీపి వద్దన్నాడు అమ్మమ్మా."

"పండు తినమన్నాడు. అందులో అనాసపండు ఉంది."

"మనవి. మూడు. పాత సినిమా హాలు చుట్టుపక్కల ఎక్కడినుంచో దుర్వాసన వస్తోందని పేట పెద్ద పంపిన నోటీసు. ఇది ఆరోసారి. ఎవరి ఇల్లో తెలిసినవారు చెప్పవలసింది."

"ఎవడో సోమరిపోతు. పాట పాడుకుంటూ చెత్తబండి గుమ్మం ముందుకొస్తుంటే, సంచీ పట్టుకెళ్ళి వెయ్యడానికి బద్ధకం. నీ వయసువాళ్ళే అయ్యుంటారు."

"మనవి. నాలుగు."

"చాలు, ఆపు."

"మనవి. ఆపాను."

"ప్రతి మాటకీ ముందు ఆ 'మనవి' ఏమిటే, రాజుగారి కచేరీలో లాగా?"

"నువ్వే పెట్టించావు. ఉన్నట్టుండి మాట్లాడితే గుండె జారిపోతోంది, ముందు ఒకసారి దగ్గమను అన్నావు. దగ్గితే బాగుండదని 'మనవి' అని రాశాను. మొదటి నియమమే అది."

"దగ్గే నయం."

"సరే, కేకుల సంగతి వదిలెయ్. పొద్దున బజారు నుంచి వచ్చినప్పటి నుంచీ నీ మొహం అదోలా ఉంది. అసలు ఎందుకు పీకావో చెప్పు. రాసుకుంటాను. తప్పుంటే దిద్దుతాను."

"ఒకటా రెండా? సోమవారం మీ తాతయ్య ఫోటో ముందు అగరొత్తులు పట్టుకుని నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. 'మనవి, అన్నం అయింది' అంది. పలకలేదు. మళ్ళీ 'అన్నం అయింది' అంది. పదకొండుసార్లు అంది. చివరికి తాతయ్యకి దణ్ణం పెడుతూ 'సరే' అన్నాను. ఆయన ఏమనుకున్నాడో ఏమిటో."

"ఎవరో ఒకరు సరే అనేదాకా చెప్పాలని రాశాను కదా, మూడో నియమం. ఇప్పుడే దిద్దుతున్నా. రెండుసార్లు చాలు."

"మనవి. చదివాను. రెండుసార్లు. రెండుసార్లు."

"ఇంకా ఏముంది చెప్పు."

"మంగళవారం గుడి కమిటీవాళ్ళు టీకి వచ్చారు. సూ ఆవిడ బాత్రూముకి వెళ్ళింది. వెళ్ళి, కాస్త ఆలస్యం చేసింది. పెద్ద మనిషి, ఏదో ఇబ్బంది. అప్పుడు ఇది ఏమంది?"

"గుర్తులేదు."

"నవ్వకు. ఏమంది?"

"'మనవి, బాత్రూములో ఒకరు ఇరవై రెండు నిమిషాలుగా ఉన్నారు, కదలిక లేదు, క్షేమమేనా' అంది."

"హాల్లో, వంటింట్లో, వరండాలో, మూడు చోట్లా ఒకేసారి. లోపలి నుంచి ఆవిడ 'క్షేమమే' అని కేకేసింది పాపం. ఆ రోజు నుంచి గుళ్ళో నన్ను చూస్తే స్తంభం చాటు నుంచి వెళ్ళిపోతోంది."

"అది నిజంగా నా తప్పే. ఇదిగో, రాస్తున్నాను చూడు. అయిదో నియమం. ఎవరిదైనా సొంత విషయమైతే, విషయం ఉందని మాత్రం చెప్పాలి, అదేమిటో పైకి చెప్పకూడదు."

"మనవి. చదివాను. ట్సాయ్ గారికి సొంత విషయం ఒకటి ఉంది. అదేమిటో చెప్పను."

"నాకా?"

"మనవి. మీకే."

"ఏమిటది?"

"మనవి. చెప్పను."

"నా విషయం నాకు చెప్పదట. వింటున్నావా?"

"కేకుల సంగతే అయ్యుంటుందిలే అమ్మమ్మా."

"కేకుల సంగతి ఇందాకే ఊరంతా వినబడేలా చెప్పిందిగా. ఇప్పుడెవరైనా ఇంట్లో ఉంటే ఏమనుకుంటారు? ట్సాయ్ ముసలిదానికి ఏదో గుట్టు ఉందట అనుకోరా? చెప్పేస్తేనే నయం."

"సరే, సరే. దిద్దుతున్నా. సొంత విషయం ఉందని కూడా చెప్పకూడదు."

"మనవి. చదివాను. ట్సాయ్ గారికి సొంత విషయం ఉందని ఇకమీదట చెప్పను."

"కోడలైతే ఈపాటికి పుట్టింటికి పంపేసేదాన్ని."

"మనవి. చెత్తబండి కాలవ వంతెన దాటింది. మన గుమ్మం ముందుకి ఇరవై నిమిషాలు."

"ఇవాళ నువ్వు పట్టుకెళ్ళు."

"నేనా?"

"సంచీ కట్టి పెట్టాను. వండిన మిగుళ్ళు ఎర్ర బకెట్టు, అవి పందులకి. పచ్చి తొక్కలు ఆకుపచ్చ బకెట్టు, అవి ఎరువుకి. కలిపావంటే బండివాడు నలుగురిలో తిడతాడు."

"ఆగాగు. నేను వచ్చిన మర్నాడు, మూడంతస్తులు ఎక్కి దిగడం నీకెందుకు, నేను వేసొస్తా అంటే, బకెట్టు నా చేతిలోంచి లాక్కున్నావు."

"అది వ్యాయామం. డాక్టరు చెప్పాడు."

"ఇవాళ వ్యాయామం వద్దా?"

"మోకాలు."

"పొద్దున బజారుకి నడిచే వెళ్ళొచ్చావు."

"అప్పుడు మోకాలు బాగానే ఉంది."

"చెత్త వెయ్యడానికి వెళ్తూ పెదాలకి రంగు కూడా వేసుకున్నావు. మొదటి మూడు రోజులూ చూశాను. తర్వాత మానేశావు."

"చలికి పెదాలు పగులుతాయి."

"తైనాన్‌లో. జూన్ నెలలో."

"ఏసీ చలి."

"మనవి. ఏసీ తొమ్మిది రోజులుగా వెయ్యలేదు."

"దీన్ని మళ్ళీ బియ్యంలో పెట్టకపోతే నా పేరు ట్సాయ్ కాదు."

"అమ్మమ్మా, నిజం చెప్పు. కింద బండి దగ్గర ఏమైంది?"

"ఏమవుతుంది? నలుగురూ కలుస్తారు. పేట కబుర్లు తెలుస్తాయి. అందుకని వెళ్ళేదాన్ని."

"మరి ఇవాళ?"

"కబుర్లు అయిపోయాయి."

"అయిపోయాయా?"

"ఒకాయన రావడం మానేశారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు మానేస్తే నువ్వెందుకు మానేస్తావు?"

"నేను మానెయ్యలేదు. మోకాలు అని చెప్పానా."

"అమ్మమ్మా."

"ల్యావ్ గారు."

"ఏ ల్యావ్ గారు?"

"రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర చేసి రిటైరయ్యారు. భార్య పోయి పదకొండేళ్ళు. వాళ్ళ మలుపులోనూ బండి ఆగుతుంది, మన తర్వాత పావుగంటకి. అయినా సంచీ పట్టుకుని ఇక్కడిదాకా నడిచొచ్చేవారు. ఎనిమిది నెలలు."

"ఎందుకట?"

"ఇక్కడికి వచ్చేసరికి బండి ఇంకా నిండదు, వెయ్యడానికి సులువు అనేవారు."

"ఓహో."

"ఏం ఓహో?"

"ఏం లేదు. ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఏముంటుంది. 'ఇవాళ బకెట్టు బరువుగా ఉన్నట్టుందే' అనేవారు. 'పుచ్చకాయ తొక్కలండీ' అనేదాన్ని. ఎత్తి ఇచ్చేవారు."

"అంతేనా?"

"బండి ఆగేది నాలుగు నిమిషాలే. అందులో ఇంకెంత మాట్లాడతాం?"

"తాతయ్యకి తెలుసా?"

"ఆయనకి చెప్పకుండా నేనేం చేస్తాను? గుళ్ళో చంద్రవంక చెక్కలు వేసి అడిగాను. 'ఆయన నా బకెట్టు ఎత్తితే నీకేమైనా అభ్యంతరమా' అని. ఒకటి బోర్లా పడింది, ఒకటి వెల్లకిలా పడింది. సరేనన్నట్టే. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ సరేనన్నాడు. బతికున్నప్పుడు ఏ విషయంలోనూ అంత తొందరగా ఒప్పుకోలేదు."

"ఎప్పట్నుంచి రావడం లేదు ఆయన?"

"నువ్వు దిగింది బుధవారం. బుధవారం బండి రాదు. గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం బండి లేదు. సోమవారం, మంగళవారం, నిన్న. ఆరు బండ్లు వెళ్ళిపోయాయి."

"ఫోను చెయ్యొచ్చుగా?"

"నంబరు నా దగ్గరెందుకుంటుంది? రోజూ కనబడేవాళ్ళని నంబరు ఎవరడుగుతారు?"

"ఒంట్లో బాగోలేదేమో అమ్మమ్మా."

"పొద్దున బజార్లో చూశాను, చేపల కొట్టు దగ్గర. నన్ను చూసి గబుక్కున పక్క వరసలోకి తిరిగిపోయారు. ఎనిమిది నెలలు బకెట్టు ఎత్తిన మనిషి. నాకు కళ్ళంబట నీళ్ళొచ్చాయి. ఉల్లికాడలు కూడా కొనకుండా వచ్చేశాను. అందుకే మధ్యాహ్నం ప్లగ్గు పీకాను."

"ల్యావ్ గారు పక్క వరసలోకి తిరిగితే ప్లగ్గు ఏం చేసింది?"

"ఇదే చెప్పేసి ఉంటుంది."

"ఏం చెప్పేసి ఉంటుంది?"

"నువ్వు వచ్చిన రోజు మధ్యాహ్నం మా చెల్లెలు మేయ్ ఫోను చేసింది. మాటల్లో ఏదో అన్నాను."

"ఏదో అంటే?"

"ఏదో."

"అమ్మమ్మా, అయిదుంపావు అయింది. ఆరింటికి నా కుర్చీ పోతుంది."

"మనిషి మంచివాడే గానీ, బకెట్టు పట్టుకుని నడుస్తుంటే అచ్చం బాతులా ఉంటాడు, అన్నాను."

"హ్హ."

"నవ్వకు. మేయ్ కూడా నవ్వింది. ఆ సాయంత్రమే ఆయన మన గుమ్మం దాకా వచ్చి బెల్లు దగ్గర చాలాసేపు నిలబడ్డారట. కింద పళ్ళకొట్టు అమ్మాయి ఇవాళే చెప్పింది. బెల్లేమో నువ్వు మోగకుండా కట్టేశావు. ఇక అంతా గోడే చూసుకుంటుంది అన్నావు. కింద గుమ్మం దగ్గర దీనికి ఇంకో నోరుందిగా. ఆ నోటితో 'మనవి, మీరు బాతులా నడుస్తారట' అని చెప్పేసి ఉంటుంది. సూ ఆవిడనే వదల్లేదు, ఆయన్ని వదులుతుందా?"

"ఉండు. దాన్నే అడుగుదాం. ల్యావ్ గారితో బాతు మాట చెప్పావా?"

"మనవి. చెప్పలేదు. ఇంట్లో ఫోనులో మాట్లాడుకున్నవి బయటివారికి చెప్పకూడదు. రెండో నియమం."

"విన్నావా అమ్మమ్మా? చెప్పలేదు."

"చెప్పలేదా?"

"మనవి. చెప్పలేదు."

"హమ్మయ్య. మరి ఆయన వచ్చినప్పుడు ఏమైందట? అడుగు."

"ల్యావ్ గారు గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు ఏం జరిగింది?"

"మనవి. అది ట్సాయ్ గారు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పాలి. నాలుగో నియమం."

"ఏమిటే ఆ నాలుగో నియమం?"

"గుమ్మం దగ్గర బయటివాళ్ళు వదిలిన కబురు..."

"ఊఁ."

"ఎవరికోసం వదిలారో వాళ్ళు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పాలి. ఇంకెవరైనా ఉంటే ఆగాలి."

"ఎవరు రాశారు?"

"నేనే. వచ్చిన రోజే రాశాను. మర్యాదగా ఉంటుందని."

"ఎంతసేపు ఆగాలో రాశావా?"

"లేదు."

"నువ్వు వచ్చి తొమ్మిది రోజులు. ఒక్కసారైనా గడప దాటావా?"

"లేదు. పత్రం రాస్తున్నాను కదా."

"పత్రం రాస్తున్నావు."

"అమ్మమ్మా, తప్పు దానిది కాదు, నాది. ఒక్క వాక్యం సగంలో వదిలేశాను. తొమ్మిది రోజులుగా నీ కబురు గొంతులో పెట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపొస్తోంది."

"ఏడుపు తర్వాత. ముందు బయటికి నడు."

"వరండాలోకి వెళ్తా. ఇదిగో, వెళ్ళాను. చెప్పమను."

"చెప్పవే."

"మనవి. వరండా ఇంట్లో భాగం."

"మెట్ల మీదకి వెళ్తానుండు. చెప్పులెక్కడ?"

"వెళ్ళకు."

"ఇప్పుడేగా నడు అన్నావు?"

"అన్నాను. ఒక్కదాన్నే వినాలంటే భయంగా ఉందే. 'ఇక నేను రాను' అని చెప్పి వెళ్ళారేమో. అందుకే పొద్దున తప్పుకున్నారేమో. నువ్వు పక్కనుండు."

"ఉంటాను. అయితే నియమమే మార్చాలి. ఎప్పుడు ఆగకూడదో రాయాలి. ఎలా రాయను? 'ముఖ్యమైతే' అంటే దానికి కేకులూ ముఖ్యమే. నువ్వు చెప్పు అమ్మమ్మా."

"నేనా? నాకేం తెలుసు మీ రాతలు?"

"కోడలికి చెప్పినట్టు చెప్పు."

"మనవి. చెత్తబండి మన గుమ్మం ముందు ఆగింది. మనవి. చెత్తబండి మన గుమ్మం ముందు ఆగింది."

"పోనీ. రేపు మళ్ళీ వస్తుంది. కోడలికైతే... ఏమంటాను? 'అమ్మా, మర్యాద మంచిదే. కానీ ఇప్పుడు కాకపోతే చేజారిపోయేది ఏదైనా ఉంటే, మర్యాద పక్కన పెట్టు. ఎవరున్నా సరే, పరిగెత్తుకొచ్చి చెప్పు. తర్వాత తిడితే నేను పడతాను.' అంతే అంటాను."

"అలాగే రాశాను. అక్షరం మార్చలేదు."

"'అమ్మా' అని కూడానా?"

"అదీ ఉంచాను."

"మనవి. చదివాను. ఆ లెక్కన తొమ్మిది రోజులుగా ఒక కబురు ఆలస్యమైంది. తిట్టినా పరవాలేదు అన్నారు కనుక చెబుతున్నాను. ల్యావ్ గారి మాటలు ఇవి. 'ట్సాయ్ గారూ, నేను ల్యావ్. ఇవాళ బండి రాని రోజు. అందుకే వచ్చాను. బండి దగ్గర నలుగురూ ఉంటారు, ఈ మాట అక్కడ అడగలేను. నేను బాతులా నడుస్తానని పేటంతా అంటుంది. ఇన్నాళ్ళలో ఆ మాట అననిది మీరొక్కరే.'"

"అయ్యో."

"మధ్యలో మాట్లాడకు అమ్మమ్మా."

"మనవి. మిగిలినది. 'ఎనిమిది నెలలుగా మీ సంచీ మీరూ, నా సంచీ నేనూ మోస్తున్నాం. ఇద్దరిదీ కలిపినా ఒక సంచీ నిండదు. ఇకమీదట ఒకే ఇంటి నుంచి, ఒకే సంచీలో వేద్దామా? సరే అనుకుంటే సినిమా హాలు మలుపులో బండి ఆగే చోటికి రండి, నేను రోజూ అక్కడ ఉంటాను. వద్దనుకుంటే రాకండి. ఏమీ అనుకోను. మీరు తేల్చుకునేదాకా మీకు ఎదురుపడి ఇబ్బంది పెట్టను, బజార్లో కనబడినా పక్కకి తప్పుకుంటాను. తొందరేమీ లేదు. నేను సిగ్నళ్ళ దగ్గర పనిచేసినవాణ్ణి, సిగ్నల్ పడేదాకా నా దగ్గర బండి కదలదు. అప్పటిదాకా నా సంచీ కూడా బయట వెయ్యను.' కబురు పూర్తయింది."

"వెయ్యను అన్నారా?"

"అన్నారు."

"అప్పట్నుంచీ వెయ్యలేదా?"

"అమ్మమ్మా. సినిమా హాలు చుట్టుపక్కల దుర్వాసన."

"తొమ్మిది రోజులు. ఈ ఎండల్లో. రోజూ చేప లేనిదే ముద్ద దిగని మనిషి."

"మనవి. పేట పెద్ద నోటీసు, ఏడోసారి."

"తెలుసులేవే. సోమరిపోతు అన్నానే ఆయన్ని. నా నోరు పడిపోను."

"బాతు అని కూడా అన్నావు."

"అది ఆయనకి ఎప్పటికీ తెలియకూడదు. రాయి, అది కూడా పత్రంలో రాయి."

"రాస్తాను. ముందు చెప్పు, వెళ్తావా?"

"బండి అక్కడికి ఎంతసేపట్లో చేరుతుంది?"

"మనవి. తొమ్మిది నిమిషాలు. ట్సాయ్ గారి నడకకి పన్నెండు."

"నేను స్కూటరు తీస్తాను. మోకాలు ఎలా ఉంది?"

"ఏ మోకాలు? నా పెదాల రంగు ఎక్కడ పెట్టాను?"

"మనవి. ఫ్రిజ్‌లో. అనాస కేకుల పక్కన."

"దీనికి అన్నీ తెలుసు. మరి నీ పత్రమో? ఆరింటికి పంపాలన్నావుగా?"

"అది తర్వాత చూసుకుందాం. నడు."

"తర్వాతేమిటి? ఒక్క మాటేగా. ఏయ్ గోడా, ఇటు విను. నువ్వు మా ఇంట్లో ఉండొచ్చు."

"మనవి. రాసుకున్నాను. ట్సాయ్ గారు ఒప్పుకున్నారు. చింగ్‌వెన్ గారు ఊఁ అంటే పత్రం పంపుతాను."

"ఊఁ. పంపెయ్. అమ్మమ్మా, రా. సంచీ నాకివ్వు, నేను పట్టుకుంటా."

"ఇది వద్దు."

"కట్టే ఉందిగా?"

"ఇది చాలదే. ఆ అరలోంచి పెద్ద సంచీ తియ్యి. అన్నిటికన్నా పెద్దది."